ఆఫీసు చేసిన తప్పుకు ఉద్యోగి జీతం కోయాలా?

నీలిసిరా:
మా అమ్మ పుట్టింది 1958లో. పాత రిజిస్టరులో అలాగే ఉంది. కంప్యూటర్‌లోకి ఎక్కించినవారు 5ను 8గా చదివారు. ఇప్పుడు రికార్డు ప్రకారం అమ్మ పుట్టిన సంవత్సరం 1988, నాది 1981! పింఛను ఆగిపోయింది. ఆ రిజిస్టరు వాళ్ల బీరువాలోనే ఉంది, తీసి చూడండి అంటే, రుజువు మీరే తెచ్చుకోండి అంటున్నారు. అన్నిటికన్నా ఒళ్లు మండించింది సవరణ దరఖాస్తు. "నా పొరపాటు వల్ల నమోదైన తప్పును సరిచేయగలరని మనవి" అని అందులో ముందే అచ్చయి ఉంది. తప్పు వాళ్లది, సంతకం మాది. తప్పు చేసిన ఉద్యోగి జీతంలోంచి జరిమానా కోస్తే తప్ప వీళ్లు దారికి రారని నా అభిప్రాయం. కాదనేవారు ఉన్నారా?

కౌంటరువెనుక:
నేనున్నాను. ఇలాంటి ఆఫీసులోనే పనిచేస్తున్నాను కాబట్టి తిట్లకు సిద్ధపడే రాస్తున్నాను. ఆ అంకె కొట్టింది పేజీకి ఇంత అని డబ్బులు తీసుకున్న కాంట్రాక్టు కుర్రవాడై ఉంటాడు. ఇప్పుడెక్కడున్నాడో ఎవరికి తెలుసు? ఎవరి జీతం కోస్తారు? పైగా జరిమానా వచ్చిందంటే తప్పు జరిగిందని ఒప్పుకునే నాథుడే ఉండడు. ఇక రుజువు సంగతి. అడిగిన ప్రతివారికీ రికార్డు మార్చేస్తే ఏమవుతుందో లాల్ బిహారీ కథ చెబుతుంది. ఉత్తరప్రదేశ్‌లోని ఆజంగఢ్ జిల్లా రైతు ఆయన. భూమి కోసం బంధువే లంచమిచ్చి ఆయన చనిపోయినట్లు రెవెన్యూ రికార్డులో రాయించాడు. సరైన రుజువు లేకుండా నేను ఒక అంకె మార్చి, రేపు అది మోసమని తేలితే, ఆడిట్ నన్నే పట్టుకుంటుంది.

పాతదస్త్రం:
మీరు తెచ్చిన ఉదాహరణ మీకే ఎదురు తిరుగుతోంది. లాల్ బిహారీని కాగితం మీద చంపడానికి ఒక్క పద్దు చాలింది. బతికించడానికి 1994 దాకా పట్టింది. ఈలోగా ఆయన పేరు పక్కన 'మృతక్' అని చేర్చుకున్నాడు. 1989లో అమేథీలో రాజీవ్ గాంధీ మీద పోటీకి కూడా నిలబడ్డాడు. బతికే ఉన్నానని ఏదో ఒక ప్రభుత్వ కాగితం ఒప్పుకోవాలి కదా! రుమేనియాలో ఇంకో విడ్డూరం. టర్కీకి పనికి వెళ్లి ఏళ్ల తర్వాత తిరిగొచ్చిన ఒకాయన, తన మరణ ధ్రువీకరణను రద్దు చేయమని కోర్టుకెక్కాడు. గడువు దాటాక వచ్చారంటూ 2018లో కోర్టు కొట్టేసింది. మనిషి ఎదురుగా నిలబడి ఉండగానే!

నీలిసిరా గారి అమ్మగారి విషయంలో మోసం అన్న భయానికే చోటు లేదు. అసలు రుజువు ఆఫీసు బీరువాలో ఉంది. రాసేటప్పుడు దేన్ని చూసి రాశారో, దిద్దేటప్పుడూ దాన్నే చూడాలి. అంతకు మించి ఒక్క కాగితం కూడా అడగకూడదు.

ఎదురుగాలి:
జరిమానా పడితే ఎప్పుడూ కిందివాడి మీదే పడుతుంది, నాకున్న అభ్యంతరం అది. ఆస్ట్రేలియాలో 'రోబోడెట్' వ్యవహారం చూడండి. భృతి తీసుకున్నవారి ఏడాది ఆదాయాన్ని పక్షాల వారీగా సమానంగా పంచి కంప్యూటర్ లెక్కకట్టింది. కొన్ని నెలలే పని దొరికినవారికి ఏడాది పొడవునా సంపాదన ఉన్నట్లు తేలింది. బాకీ కట్టమని నోటీసులు వెళ్లాయి. కాదంటే ఎప్పటివో జీతం కాగితాలు వాళ్లే వెతికి చూపాలి. ఆ లెక్క చట్టవిరుద్ధమని తర్వాత తేలింది, 2023లో రాయల్ కమిషన్ నివేదిక కడిగిపారేసింది. ఇందులో ఏ గుమాస్తా జీతం కోయాలి? నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భృతి తీసుకున్న వేలాది కుటుంబాలను అన్యాయంగా మోసగాళ్లుగా చూసినందుకు 2021 జనవరిలో మంత్రివర్గమే రాజీనామా చేసింది. బాధ్యత అంటే అక్కడ మొదలవ్వాలి.

నీలిసిరా:
మంత్రివర్గం దిగిపోతే మా అమ్మ పింఛను వస్తుందా? సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. సమాచారం ఇవ్వని అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున, 25,000 దాకా జరిమానా వేయవచ్చని అందులో రాసి ఉంది. దానివల్ల కొంపలేమీ మునగలేదే!

పాతదస్త్రం:
మంచి మాట అందుకున్నారు. కానీ ఆ జరిమానా ఆలస్యానికి, తెలిసి తప్పుడు సమాచారం ఇచ్చినందుకు. మామూలు పొరపాటుకు కాదు. చేతి తప్పు ఎవరికైనా జరుగుతుంది. చూపించాక కూడా దిద్దకపోవడం మాత్రం ఎవరో ఒకరు తీసుకున్న నిర్ణయం. నా లెక్కలో జరిమానా ఆ రెండోదానికే. ఇంకొకటి, ఐరోపా సమాఖ్యలో 2018 మే నుంచి అమలవుతున్న వ్యక్తిగత సమాచార నిబంధనల ప్రకారం, తప్పు దిద్దితే సరిపోదు, ఆ తప్పుడు వివరం ఎవరెవరికి పంపారో వాళ్లకూ దిద్దుబాటు తెలియజేయాలి. తప్పు తనంతట తాను పది ఆఫీసులకు పాకుతుంది. దిద్దుబాటును మాత్రం మనమే చెప్పులరిగేలా మోసుకెళ్లాలి.

కౌంటరువెనుక:
ఆలస్యానికి జరిమానా అంటే నాకూ అభ్యంతరం లేదు. కాని గడువు లెక్క ఎప్పటినుంచి? దరఖాస్తు అసంపూర్ణమని తిప్పి పంపితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. లోపల ఈ విద్య తెలియనివారు లేరు.

ఎదురుగాలి:
అయితే లోపాలన్నీ మొదటి రోజే ఒకేసారి, రాతలో చెప్పాలి. ఇవాళ ఒకటి, వచ్చేవారం మరొకటి అంటే ఆ రెండోది చెల్లదు. దీనికైనా ఒప్పుకుంటారా?

కౌంటరువెనుక:
ఒప్పుకుంటాను. మా పై అధికారి ఒప్పుకోరు.