జర్మనీలో వసంతం సంబరానికి అమ్మను తీసుకెళ్లొచ్చా?

కోట జంక్షన్, విజయనగరం:
అక్కావాళ్లు స్టుట్‌గార్ట్‌లో ఉంటారు. ఏప్రిల్ నెలాఖరుకి అమ్మ అక్కడ ఉంటుంది, అప్పుడే ఊళ్లో ఫ్రూలింగ్స్‌ఫెస్ట్ అనే వసంతం సంబరం అట, బావగారు అందరికీ కలిపి ప్లాన్ వేసేశారు. యూట్యూబ్‌లో చూస్తే అన్నీ బీరు గ్లాసులే, దాంతో అమ్మ "నేను ఇంట్లో ఉంటాన్లే, మీరెళ్లి రండి" అంటోంది. ఆవిడ మాంసం, గుడ్డు ముట్టదు. కానీ పైడితల్లమ్మ జాతరలో సిరిమాను చూడ్డానికి ఏటా మూడు లాంతర్ల దగ్గర గంటల తరబడి నిలబడే మనిషి, ఆవిడ్ని వదిలేసి వెళ్తే నాకు మనసొప్పదు. వెళ్లినవాళ్లు చెప్పండి, పెద్దవాళ్లకి ఇబ్బందిగా ఉంటుందా? తినడానికేం దొరుకుతుంది?

నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం:
తప్పకుండా తీసుకెళ్లమనండి. మా అబ్బాయిదీ ఆ ఊరే. నెకర్ నది పక్కన కాన్‌స్టాట్ మైదానంలో జరుగుతుంది, ఎస్-బాన్ అనే లోకల్ రైలెక్కి బాడ్ కాన్‌స్టాట్‌లో దిగి నడిచిపోవచ్చు. లోపలికి టికెట్ లేదు, ఎక్కిన దానికే డబ్బులు. బీరంతా పెద్ద పెద్ద టెంట్లలో, వాటిలోకి వెళ్లకపోతే బయటంతా జెయింట్ వీలు, పిల్లల రంగులరాట్నాలు, మిఠాయి కొట్లు. బుధవారం ఫ్యామిలీ డే, రేట్లు తక్కువ. మధ్యాహ్నం వెళ్లి చీకటి పడకముందే వచ్చేస్తే తాగినవాళ్ల గొడవ ఉండదు. ఆ మైదానంలోనే శరత్కాలంలో జరిగే పెద్ద పండగైతే 1816లో పంటలు పోయి కరువొచ్చాక, 1818లో అక్కడి రాజు విల్‌హెల్మ్ రైతుల కోసం మొదలుపెట్టింది. అమ్మగారికి ఈ సంగతి చెప్పండి, తాగడానికి పుట్టిన చోటు కాదని తెలుస్తుంది.

బాదం వేయించే కొట్టు దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. రాగి బాణలిలో పంచదార పాకం బాదం గింజల మీద తెల్లగా పొడిబారుతుంది, ఆపకుండా కలుపుతుంటే మళ్లీ కరిగి గోధుమరంగులో మెరుస్తుంది, దాల్చినచెక్క వాసన దూరం నుంచే తెలుస్తుంది. వేడిగా కాగితం పొట్లంలో ఇస్తారు.

బొబ్బిలి ఆడపడుచు:
తిండి విషయంలో జాగ్రత్త అండీ. చీజ్ వేసి చేసే ష్పెట్సిలె (నూడుల్స్ లాంటిది) శాకాహారమే అంటారు గానీ పిండిలో గుడ్డు కలుపుతారు. బ్రెట్సెల్ అనే మెలితిప్పిన రొట్టెలో ఒక్కోచోట పంది కొవ్వు వేస్తారు, "ఓనె ష్మాల్ట్స్?" (కొవ్వు లేనిదేనా?) అని అడిగి కొనమనండి. మొక్కజొన్న కండె, బాదం, ఆపిల్ షోర్లె (సోడా కలిపిన ఆపిల్ రసం) నిశ్చింతగా తీసుకోవచ్చు. బంగాళాదుంప వేపుడైతే మాంసం వేయించిన నూనెలోనే వేస్తారేమో అడగాలి. నన్నడిగితే పులిహోర కలిపి డబ్బాలో పట్టుకెళ్లడం మేలు. చిల్లర నాణేలుండాలి, చాలాచోట్ల టాయిలెట్ దగ్గర పళ్లెంలో వేయాలి.

మ్యూనిక్ నుంచి, సొంతూరు పాలకొండ:
మే 1 సెలవు, షాపులన్నీ మూత. ఆ రోజు కుదిరితే ఏదైనా చిన్న ఊరికి తీసుకెళ్లండి. ఊరి మగాళ్లంతా జతలు జతలుగా కట్టిన గడకర్రలతో మైబౌమ్ అనే పొడవాటి మాను నెట్టుకుంటూ కొంచెం కొంచెంగా లేపుతారు, పక్కన బ్యాండు మోగుతుంటుంది. మా బవేరియాలో పక్క ఊరివాళ్లు ఆ మానును ముందే ఎత్తుకుపోతే బీరూ భోజనమూ పెట్టి విడిపించుకోవాలి, అందుకని రాత్రుళ్లు కాపలా. సిరిమాను తెలిసిన మనిషికి ఇది చూపించకపోతే ఎలా!

కోట జంక్షన్, విజయనగరం:
అందరికీ చాలా థాంక్స్. ఇదంతా అమ్మకి చదివి వినిపించాను, బుధవారం సరే అంది. స్వెటర్ ఒకటి సరిపోతుందా?

బొబ్బిలి ఆడపడుచు:
సరిపోదండీ, ఏప్రిల్‌లో ఒకే పూట ఎండా వానా రెండూ చూడొచ్చు. గాలి ఆగే జాకెట్టు, చీర లోపల వెచ్చటి లెగ్గింగ్స్, కాళ్లకి సాక్సులూ బూట్లూ.