పాలంపేటలో రెండు రోజులు ఉండి రామప్ప, లక్నవరం నిదానంగా చూడొచ్చా?

గుంటూరమ్మాయి:
అందరికీ నమస్కారమండి. దసరా సెలవుల్లో అమ్మానాన్నల్ని, మా పాపని తీసుకుని ములుగు వైపు వద్దామనుకుంటున్నాం. రామప్ప గుడి చూడాలని అమ్మకి ఎప్పట్నుంచో ఉంది. నెట్‌లో చూస్తే అందరూ హైదరాబాద్‌లో తెల్లారగట్ల బయల్దేరి రామప్ప గుడి, లక్నవరం చెరువు, బొగత జలపాతం మూడూ ఒక్కరోజులో చుట్టేసి రాత్రికి ఇంటికెళ్ళిపోయినట్టే రాస్తున్నారు, మాకు అలా వద్దు. పాలంపేటలోనో ఆ దగ్గర్లోనో ఉండి ఊరు, చెరువు, గుడి తీరిగ్గా చూడాలి. వరంగల్ దాకా ట్రైన్‌లో వస్తాం, అక్కణ్ణుంచి ఎలా? అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఎక్కువుంటే ఇబ్బంది. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

హన్మకొండ_పోరడు:
మంచిగ అనుకున్నరు అక్కా. ఒక్కరోజుల మూడు అంటే కారుల కూసునుడే అయితది. బొగత ఈసారికి ఇడిచిపెట్టండి, ఏటూరునాగారం దాటి గోదావరి బ్రిడ్జి ఎక్కి వాజేడు దిక్కు పోవాలె, మోకాళ్ళ నొప్పులున్నోళ్ళకు అంత దూరం ఎందుకు.

వరంగల్ల దిగి హన్మకొండ బస్టాండ్‌కు వస్తే ములుగు బస్సులు మస్తు ఉంటయి, పాలంపేటకు సీదా పోయేటియి మాత్రం తక్కువ. ములుగు దాటినంక జంగాలపల్లి క్రాస్ రోడ్ కాడ దిగి ఆటో మాట్లాడుకోవాలె. పెద్దోళ్ళున్నరు కాబట్టి హన్మకొండల్నే కారు మాట్లాడుకునుడు మేలు, గుడి దాక 65 కిలోమీటర్ల దగ్గర ఉంటది, రోడ్డు మంచిగుంటది.

గుడి ఆరడుగుల ఎత్తు అరుగు మీద ఉంటది, మెట్లు కొన్నే, అమ్మ చెయ్యి పట్టుకుంటే చాలు ఎక్కుతది. పొద్దుగాల పోండి, చెప్పులు బయటనే ఇడవాలె, మధ్యాహ్నం అయితే బండలు కాలుతయి. ఇగ నేను గట్టిగ చెప్పేది ఒక్కటే, గుడి చూసి కారెక్కి పోకుండ్రి. కిలోమీటర్ దూరంల రామప్ప చెరువు కట్ట ఉంది, దానిమీదికి పోండి. మా దిక్కు కాకతీయులు గుడి కట్టిన కాడ చెరువు కూడ తవ్వించిన్రు, రెండూ చూస్తెనే ఊరు అర్థమైతది. ఎనిమిది వందల ఏండ్ల సంది ఆ నీళ్ళే పొలాలకు పారుతున్నయి. ఒక దిక్కు గుట్టలు, కట్ట కింద వరి, మధ్యల నీళ్ళు. వానలు మంచిగ పడ్డ ఏడాది అయితే చెరువు నిండి మత్తడి దుంకుతది, ఆ చప్పుడు ఇనాలె.

పాతబడి_సారు:
పైన తమ్ముడు చెప్పింది నిజం. నేను ములుగు, భూపాలపల్లి బడుల్లో చాలాకాలం పనిచేశాను, పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడల్లా ఈ గుడి దగ్గర ఒక పూట మొత్తం గడిపేవాళ్ళం. గుడి కట్టించింది గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు, శాసనం 1213 నాటిది. దేవుడి పేరు రామలింగేశ్వరుడు, జనం మాత్రం శిల్పి పేరుతో రామప్ప అంటారు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. శిఖరంలో వాడిన ఇటుకలు నీళ్ళలో తేలేంత తేలిక, పునాదిలో ఇసుక నింపారు, గైడ్‌ని అడిగితే ఇవన్నీ వివరంగా చెప్తారు.

ఒక మాట చెప్తాను, లోపలికి వెళ్ళేముందు తలెత్తి చూరు కింద చూడండి. గోడలు ఎర్రటి ఇసుకరాయి, చూరుకి ఆనుకుని వొంపుగా నిలబడ్డ మదనికలు అనే ఆడబొమ్మలు మాత్రం నల్లరాయి. ఒకామె ఎత్తు చెప్పులు వేసుకుని ఉంటుంది, పాపకి వెతకమని చెప్పండి. తర్వాత లోపలి మండపంలో నల్లరాతి స్తంభాలు చూడండి, అద్దంలా నునుపు, నగల సందుల్లో దారం దూరేంత సన్నని రంధ్రాలు. అమ్మగారు అలసిపోతే ఆ మండపం అరుగు మీద కూర్చోవచ్చు, చల్లగా ఉంటుంది, నాకు గుడి మొత్తంలో ఇష్టమైన చోటు అదే.

మధ్యాహ్నం ఘణపురం వెళ్ళండి, దగ్గర్లోనే. కోటగుళ్ళు అంటారు, చిన్నా పెద్దా కలిపి 22 గుళ్ళు, చాలావరకు శిథిలమయ్యాయి, జనం పెద్దగా రారు. ఏనుగు మీద సింహం తల మనిషి ఎక్కినట్టున్న గజకేసరి శిల్పం చూసి రండి. అక్కడ కూడా పక్కనే ఘణపురం చెరువు. తవ్వించింది కాకతీయులే.

గుంటూరమ్మాయి:
చాలా థ్యాంక్సండి ఇద్దరికీ. లక్నవరం సంగతి చెప్పలేదు, అమ్మ ఆ ఊగే వంతెన ఎక్కగలదా? రాత్రి ఎక్కడ ఉండాలి? దసరా రోజుల్లో రష్ ఉంటుందేమో అని కూడా ఒక భయం.

ములుగు_అడవిపిల్ల:
అక్కా మాది గోవిందరావుపేట మండలమే. లక్నవరంకి హైవే మీద చల్వాయి దగ్గర లోపలికి తిరగాలి, బుస్సాపూర్ మీదుగా రోడ్డు చెరువు దాకా వెళ్తుంది. వంతెన కొంచెం ఊగుతుంది గానీ ఇనుప తీగలు పట్టుకుని నిదానంగా నడవొచ్చు, అమ్మకి ఇష్టం లేకపోతే ఒడ్డున కూర్చున్నా చెరువులోని దీవులు కనిపిస్తాయి, బోటు కూడా ఉంది. ఆదివారం మాత్రం వద్దు, పండగ సెలవుల్లో ఆదివారమంటే వంతెన మీద నిలబడటానికి చోటుండదు, మామూలు రోజు పొద్దున్నే వెళ్ళండి. టూరిజం వాళ్ళ గదులు లక్నవరంలో, రామప్ప చెరువు దగ్గర ఉన్నాయి, పండగ రోజులు కాబట్టి ఇప్పుడే బుక్ చేసుకోండి, దొరక్కపోతే ములుగులోనో హన్మకొండలోనో ఉండి రావాలి.

సెలవుల్లో వస్తున్నారు కదా, వీలైతే సద్దుల బతుకమ్మ రోజు కలిసేలా టికెట్లు చూసుకోండి. సాయంత్రం ఆడవాళ్ళంతా తంగేడు, గునుగు, బంతిపూలతో పేర్చిన బతుకమ్మల్ని చెరువు దగ్గరికి తీసుకెళ్తారు, ఆడి పాడి నీళ్ళలో వదిలాక సద్దులు పంచుకుంటాం. మీరు పక్కన నిలబడితే ఎవరమ్మా మీరు అనరు, మలీద ముద్ద చేతిలో పెడతారు. పాపకి ఒక చిన్న బతుకమ్మ పేర్చి ఇమ్మని అడగండి, సంతోషంగా ఇస్తారు.

హన్మకొండ_పోరడు:
నిజం, గా బతుకమ్మ నాడు రాండి అక్కా. మేడారం కూడ పోదామంటే పస్రా కాడ తిరగాలె. జాతర రెండేండ్లకోసారి, అది లేనప్పుడు గద్దెల కాడ నిమ్మళంగ ఉంటది, అమ్మవార్లకు బెల్లం పెడతరు, మేం బంగారం అంటం. తాడ్వాయి దిక్కు అడవి, సిగ్నల్ సరిగ రాదు, డ్రైవర్ నంబర్ కాగితం మీద రాసుకోండి, చిల్లర పైసలు దగ్గర పెట్టుకోండి, పెట్రోల్ ములుగులనే నింపిచ్చుకోండి.