మత్తయి 15: కనాను స్త్రీకి ప్రభువిచ్చిన జవాబును మీరెలా అర్థం చేసుకున్నారు?

గుంటూరు సభ్యురాలు:
అందరికీ ప్రభువు నామమున వందనాలు. వచ్చే ఆదివారం మా స్త్రీల సమాజంలో మత్తయి 15:21–28 మీద మాట్లాడవలసి ఉంది. దయ్యం పట్టిన కుమార్తె కోసం యూదురాలు కాని ఒక కనాను స్త్రీ కేకలు వేస్తూ వెంట వస్తుంటే ప్రభువు ముందు మౌనంగా ఉన్నాడు. ఆ తరువాత ఇశ్రాయేలు ఇంటివారి కొరకే పంపబడ్డానన్నాడు. చివరకు పిల్లల రొట్టెను కుక్కపిల్లలకు వేయడం తగదన్నాడు. కుష్ఠరోగిని ముట్టి బాగుచేసిన ప్రభువు నోట ఈ మాట ఎందుకు వచ్చిందో నాకు బోధపడడం లేదు. మీరు దీనితో ఎలా సమాధానపడ్డారో దయచేసి చెప్పండి.

ఖమ్మం సభ్యుడు:
సహోదరీ, ఆమె విశ్వాసాన్ని పరీక్షించడానికే ప్రభువు అలా అన్నాడని మా సంఘంలో బోధిస్తారు. చివరికి ఆమె విశ్వాసాన్ని మెచ్చుకున్నాడు కదా.

ఒంగోలు నుండి విశ్రాంత ఉపాధ్యాయుడు:
తమ్ముడూ, అది మనం చేసే ఊహే గాని మత్తయి రాసిన మాట కాదు. ప్రభువు తన శిష్యుడైన ఫిలిప్పును రొట్టెల గురించి అడిగింది పరీక్షించడానికేనని యోహాను 6:6 స్పష్టంగా చెబుతుంది. ఇక్కడ అలాంటి వాక్యం లేదు. అయితే ఈ భాగాన్ని విడిగా కాక ముందువెనుకలతో కలిపి చదివితే కొంత వెలుగు దొరుకుతుంది. 14వ అధ్యాయంలో అయిదువేలమంది పురుషులు, వారితోపాటు స్త్రీలు, పిల్లలు తిన్న తరువాత పన్నెండు గంపల ముక్కలు మిగిలాయి. 15వ అధ్యాయం మొదట్లో చేతులు కడుక్కోకుండా తినడం గురించి ఆచారాలను కఠినంగా పాటించే యూదులైన పరిసయ్యులు తగవు పెట్టుకోగా, నోటిలోనికి పోయేది మనిషిని అపవిత్రపరచదని ప్రభువు తేల్చి చెప్పాడు. ఆ వెంటనే యూదులు దూరం పెట్టిన జనుల ప్రాంతమైన తూరు, సీదోనుల వైపు వెళ్ళాడు. అక్కడ, కుక్కపిల్లలు కూడా యజమానుల బల్లమీదనుండి పడే ముక్కలు తింటాయి కదా అంటూ ఈ తల్లి అడిగింది ముక్కలనే. అంతకు కొంచెం ముందు నీళ్ళమీద మునిగిపోతున్న పేతురును "అల్పవిశ్వాసీ" అన్న ప్రభువే ఈ అన్యురాలితో "అమ్మా, నీ విశ్వాసము గొప్పది" అన్నాడు. ఇంత చెప్పినా ఆ కుక్కపిల్లల మాటలోని బరువు తగ్గిందని నేననను.

ప్రకాశం జిల్లా సభ్యురాలు:
మాస్టారుగారూ, ఆ చివరి వాక్యం రాసినందుకు కృతజ్ఞతలు. 1878 జూలై 3న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కాలంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన ప్రాంతం మాది; మా పూర్వికులు మాదిగపల్లెవారు. ఊరిబావికి దూరంగా నిలబడి, ఎవరైనా పోస్తే తప్ప నీళ్ళు దొరకని రోజులను మా నాయనమ్మ చూసింది. అందుకే అవమానించి పరీక్షించాడనే జవాబు నాకు మింగుడుపడదు. మనుషులు మాకు చేసిన పనిని దేవునికి ఎలా అంటగట్టను? చదువురాని మా నాయనమ్మ మాత్రం ఈ భాగాన్నే మళ్ళీ మళ్ళీ చదివించుకునేది. "పొమ్మన్నది శిష్యులు, ఆయన కాదు. ఆమె నోరు మూయించకుండా చివరిదాకా విన్నాడు" అనేది. నేను ఆ మాటమీదే నిలబడి ఉన్నాను.

డల్లాస్ సభ్యురాలు:
నన్ను బాధపెట్టేది 23వ వచనం: "అందుకాయన ఆమెతో ఒక్కమాటయైనను చెప్పలేదు." మా బాబు జబ్బు విషయంలో ఆ మౌనం ఇంకా కొనసాగుతోంది. ఆమె కూతురు ఆ గడియలోనే బాగుపడింది. మా ఇంట్లో ఆ గడియ రాలేదు. విశ్వాసం చాలకనే స్వస్థత రాలేదని నాతో అన్నవారున్నారు, ఆ మాట మీ సమాజంలో దయచేసి ఎవరితోనూ అనకండి. ఆమె ప్రభువు మాటను కాదనలేదు, నిజమేనంటూనే ఆ మాటతోనే ఆయనను మళ్ళీ అడిగింది. నేనూ నా ప్రార్థనలో ఫిర్యాదును దాచకుండా ఆయనకే చెబుతున్నాను, జవాబు తెలియకపోయినా ఆయన మంచివాడని నమ్ముతున్నాను.

గుంటూరు సభ్యురాలు:
అక్కా, బాబు కోసం ప్రార్థిస్తాము. పరీక్ష అనే వివరణను ఆదివారం చెప్పను. 14వ అధ్యాయం నుండి చదివించి, 23వ వచనం దగ్గర ఆగి, జవాబు రాని ప్రార్థన గురించి మాట్లాడదలచినవారికి ముందుగా సమయమిస్తాను. మాస్టారుగారూ, మార్కు 7వ అధ్యాయంలో ఇదే సంఘటనలో పిల్లలు మొదట తృప్తి పొందాలని ఉంది కదా, రెండింటినీ కలిపి చదివించమంటారా?

ఒంగోలు నుండి విశ్రాంత ఉపాధ్యాయుడు:
చదివించమ్మా, కాని ముందు మత్తయినే పూర్తిగా విననివ్వు.