ఢిల్లీ చూపించేది దసరా సెలవుల్లోనా, సంక్రాంతి సెలవుల్లోనా?

క్లాక్‌టవర్ సెంటర్ (నల్లగొండ):
మొత్తం ఆరుగురం. ఎనిమిదో తరగతి, ఐదో తరగతి పిల్లలు, అరవై దాటిన అత్తమ్మ, మామయ్య, మేమిద్దరం. ఎర్రకోట, కుతుబ్ మినార్, హుమాయూన్ సమాధి, నేషనల్ మ్యూజియం, రాష్ట్రపతి భవన్ చూడాలె. కుదిరితే తాజ్‌మహల్ కూడా. రైల్లోనే పోతం. దసరాకు పది పన్నెండు రోజులు సెలవులుంటయి, సంక్రాంతికి ఐదారు రోజులే. ఇంట్లో సగం మంది దసరా అంటున్నరు, సగం మంది చల్లగ ఉన్నప్పుడే పోదామంటున్నరు. సద్దుల బతుకమ్మకు ఇంట్లోనే ఉండాలన్నది అత్తమ్మ మాట. ఏదైనా కారణంతోటి చెప్పండి.

పిల్లలమర్రి నీడ (మహబూబ్‌నగర్):
సంక్రాంతికే పోండి. ఢిల్లీ అంటే నడక. ఎర్రకోటలో లాహోరీ గేటు నుంచి లోపలికి పోయి ఛత్తా చౌక్ బజారు, నౌబత్‌ఖానా, దీవాన్-ఎ-ఆమ్ దాటితే గాని దీవాన్-ఎ-ఖాస్ రాదు. మళ్లీ అంత దూరం వెనక్కి నడవాలె. నడుమ అంతా బయలు. అక్టోబర్ మొదట్ల ఢిల్లీ మధ్యాహ్నం 34 డిగ్రీల దగ్గర ఉంటది, ఎర్రరాయి కాగుతది. అరవై దాటినోళ్లు రెండు కట్టడాలు చూసేసరికే కూలబడతరు. జనవరి మధ్యలో పగలు 20 డిగ్రీల దగ్గర ఉంటది, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా తిరిగినా అలుపు రాదు. పైగా నవరాత్రుల్లో ఎర్రకోట ముందరి మైదానాల్లో రామ్‌లీలా ప్రదర్శనలు ఉంటయి. సాయంత్రమైతే చాందినీ చౌక్ దిక్కు కాలు పెట్టే సందు ఉండదు.

దేవరకొండ ఖిలా:
అన్నా, నడకకు చలి మంచిదే. కానీ నడవాలంటే ముందు ఊరు చేరాలె గదా. డిసెంబర్ ఆఖరు నుంచి జనవరి నెలంతా ఝాన్సీ దాటినంక గ్వాలియర్, ఆగ్రా, మథుర దారి పొగమంచులో ఉంటది. ఇంజన్‌లో ఫాగ్ సేఫ్ డివైస్ పెట్టినా అది ముందు సిగ్నల్ ఎంత దూరంలో ఉందో చెప్తది గాని, ఎర్రదా పచ్చదా చెప్పదు. రంగు చూసుకోవాల్సింది లోకో పైలట్ కళ్లే. అందుకే వేగం తగ్గిస్తరు. మన తెలంగాణ ఎక్స్‌ప్రెస్, 12723, సికింద్రాబాద్‌లో పొద్దున ఎక్కితే మామూలు రోజుల్లోనే సుమారు 26 గంటల ప్రయాణం. ఐదారు రోజుల సెలవులో పోను రాను రెండు రోజులకు పైగా రైల్లోనే పోతయి. అందులో పొగమంచు ఇంకో పూట తింటే మిగిలేది రెండున్నర రోజులు. దాంట్లో ఐదు కట్టడాలు, తాజ్ ఎట్ల పడతయి? తిరుగు ప్రయాణానికి కూడా అదే బెడద: పోయిన బోగీలే తిరిగి రావాలె గనుక, అక్కడికి ఆలస్యంగ చేరితే ఇటు బయల్దేరేది కూడా ఆలస్యమే.

రెండోది రిపబ్లిక్ డే. జనవరిలో కర్తవ్యపథ్ పొడుగునా కుర్చీల గ్యాలరీలు కడతరు, రిహార్సల్స్ రోజుల్లో ఆ రోడ్లు మూసేస్తరు. ఇండియా గేట్, నేషనల్ వార్ మెమోరియల్, నేషనల్ మ్యూజియం అన్నీ ఆ చుట్టుపక్కలే. ఎర్రకోటను కూడా జనవరి 26కు ముందు, తర్వాత కొన్ని రోజులు సందర్శకులకు మూసేస్తరు, ఆ తేదీలు ఏటా మారుతయి. సంక్రాంతి సెలవులు ఆ తేదీలకు ఆనుకొని ఉంటయి.

గద్వాల అంచు:
గాలి సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంట్లో ఎవరికన్నా ఆయాసం, ఉబ్బసం ఉంటే ముందు చూడాల్సింది అదే. సెప్టెంబర్ ఆఖరుకు ఢిల్లీ నుంచి వానలు వెనక్కి పోతయి, అప్పటి గాలి ఏడాదిలో మంచి గాలుల్లో ఒకటి. అక్టోబర్ సగం దాటినంక పంజాబ్, హర్యానా వరికొయ్యలు కాలుస్తరు, గాలి కదలదు, దీపావళికి పటాకులు. జనవరిలో చలికి పొగ నేలను పట్టుకొని ఉంటది, పొద్దుటి పొగమంచుతోటి కలుస్తది. పగలు 20 డిగ్రీలు హాయే కానీ ఆ గాలి పీల్చుకుంట తిరగాలె. నేను దసరా వైపు.

పిల్లలమర్రి నీడ:
అక్కా, గాలి మాట ఒప్పుకుంటా. కానీ దసరా అంటే ఏ దసరా? 2025లో అక్టోబర్ 2న వచ్చింది, 2026లో అక్టోబర్ 20న. ఒక ఏడాది వానలు పోయిన మంచి గాలిలో పడతది, ఇంకో ఏడాది వరికొయ్యల పొగ మొదలయ్యే వారంలో పడతది. దసరా అంటే మంచి గాలి అని రాసిచ్చినట్టు చెప్పొద్దు. సంక్రాంతి జనవరి 14, 15 దాటి కదలదు, ఎట్లుంటదో ముందే తెలుసు.

దేవరకొండ ఖిలా:
ముందే తెలుసు, నిజం. పొగమంచు ఉంటదని కూడా ముందే తెలుసు గదా. దసరా ఆలస్యంగ వచ్చిన ఏడాది గాలి కొంచెం చెడుతది, కానీ జనవరి గాలితోటి పోలిస్తే అప్పటికీ మేలే. ఎండ కూడా నెల మొదట్ల కన్నా తగ్గుతది, తెల్లారగట్ల 20 డిగ్రీల లోపు. కాకపోతే ప్రయాణం దీపావళి దిక్కు జరపొద్దు, సెలవులు మొదలైన రోజే బండెక్కాలె.

మూసీ ఆయకట్టు (సూర్యాపేట):
ఏ పండుగ అన్నది సగం మాటే. ఏ వారం ఎక్కుతున్నరన్నది మిగతా సగం. ఢిల్లీలో సోమవారం నాడు ఎర్రకోట, నేషనల్ మ్యూజియం, రాష్ట్రపతి భవన్, ప్రధానమంత్రి సంగ్రహాలయ, రైల్ మ్యూజియం, లోటస్ టెంపుల్, అక్షర్‌ధామ్ అన్నీ బంద్. ఆదివారం పొద్దున ఎక్కితే దిగేది సోమవారం పొద్దున. అంటే అన్నిటికీ తాళాలున్న రోజు. సోమవారం తెరిచి ఉండేవి కుతుబ్ మినార్, హుమాయూన్ సమాధి, పురానా ఖిలా, జంతర్ మంతర్. తాజ్‌కు శుక్రవారం సెలవు.

ఢిల్లీ సోమవారం బంద్‌ను, తాజ్ శుక్రవారం బంద్‌ను ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే దారి దొరుకుతది. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఢిల్లీ కన్నా ముందు తెల్లారకముందే ఆగ్రా కంటోన్మెంట్‌లో ఆగుతది. ఆదివారం ఎక్కి సోమవారం ఆగ్రాలో దిగండి. తాజ్, ఆగ్రా కోట రెండూ సోమవారం తెరిచే ఉంటయి. సామాను స్టేషన్ క్లోక్‌రూంలో పెట్టొచ్చు, అయితే ప్రతి సంచికి తాళం ఉండాలె, లేకుంటే తీసుకోరు. సాయంత్రం ఏదో ఒక బండికి ఢిల్లీ చేరండి. మంగళ, బుధ, గురువారాలు పూర్తిగ ఢిల్లీకి, శుక్రవారం పొద్దున కుతుబ్, సాయంత్రం తిరుగు బండి. శనివారం రాత్రికి ఇంట్లో ఉంటరు. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు. సద్దులు ఆ తర్వాత పడేటట్టు ఆదివారం చూసుకుంటే అత్తమ్మ మాట కూడా నిలబడుతది.

ఇదే పని జనవరిలో చేస్తే? పొగమంచులో తెల్లారగట్ల తాజ్ ముందర నిలబడితే గుమ్మటం కనబడదు, పది పదకొండు దాకా ఎదురుచూడాలె.

పిల్లలమర్రి నీడ:
ఆదివారం ఎక్కే లెక్క బాగుంది. కానీ అరవై దాటినోళ్లను 22 గంటలు బండిలో కూసోబెట్టి, చీకట్ల దింపి, స్నానం లేకుండ తాజ్‌కు నడిపించుడు న్యాయమా? తాజ్ గేట్లకు కొంత దూరంలోనే బండ్లు ఆపేస్తరు, అక్కడి నుంచి బ్యాటరీ బండి, మళ్లీ క్యూ.

మూసీ ఆయకట్టు:
న్యాయమైన అభ్యంతరమే. స్టేషన్ దగ్గర ఒక పూటకు గది తీసుకోండి, మూడు నాలుగు గంటలు పడుకొని, స్నానం చేసి, తిని ఎనిమిది తొమ్మిదింటికి తాజ్‌కు పోండి. సూర్యోదయం తప్పుతది, మోకాళ్లు మిగులుతయి. టికెట్ ఆన్‌లైన్‌లో తీసుకోండి. లోపలి సమాధి చూడాలంటే మామూలు టికెట్ మీద అదనపు టికెట్ ఉంటది, అది మరిచిపోతే పైమెట్ల దగ్గర ఆపేస్తరు. 15 ఏళ్ల లోపు పిల్లలకు పురావస్తు శాఖ కట్టడాల్లో టికెట్ లేదు, వాళ్ల ఆధార్ దగ్గర పెట్టుకోండి. తినే వస్తువులు, అగ్గిపెట్టె, పెద్ద సంచులు తాజ్ లోపలికి రానియ్యరు.

గద్వాల అంచు:
మోకాళ్ల మాట వచ్చింది గనుక చెప్తున్న. పెద్దోళ్లకు కుతుబ్ ఆవరణ సులువు, చాలా మటుకు చదునే. మినార్ 72.5 మీటర్లు, లోపల 379 మెట్లున్నా 1981లో తొక్కిసలాట జరిగినప్పటి నుంచి ఎవరినీ ఎక్కనిస్తలేరు. హుమాయూన్ సమాధి దగ్గర మాత్రం ఎత్తైన అరుగు మీదికి నిటారు మెట్లు. పిల్లలు ఎక్కి చూసి వచ్చేదాకా పెద్దోళ్లు కింద చార్‌బాగ్ తోటలో కూసోవచ్చు. కుతుబ్ మినార్ మెట్రో స్టేషన్ పేరు చూసి పక్కనే అనుకుంటరు. అక్కడి నుంచి ఇంకా కిలోమీటరున్నరకు పైగా ఉంటది, ఆటో మాట్లాడుకోవాలె. ఎర్రకోటకు మాత్రం లాల్‌ఖిలా స్టేషన్ దగ్గరే. నవరాత్రుల్లో పోతే పొద్దున్నే చూసుకొని మధ్యాహ్నానికి బయటపడండి, రామ్‌లీలా జనం సాయంత్రానికి గాని రారు.

దేవరకొండ ఖిలా:
నేషనల్ మ్యూజియాన్ని ఆఖరి గంటలో కూరొద్దు. ఎర్రకోట చూసి అలిసిన పిల్లలను తీసుకపోయి ఒక్కో గదిలో ఉరికిస్తరు, ఇంటికొచ్చినంక వాళ్లకు ఒక్కటి యాదికుండదు. బుధవారం పొద్దున తెరవంగనే పోండి, గంటన్నర చాలు, మూడే చూపించండి. మొదటిది హరప్పా గది. మొహెంజొదారో నాట్యగత్తె కంచుబొమ్మ ఎత్తు పదిన్నర సెంటీమీటర్లే. పాఠ్యపుస్తకంలో పేజీ నిండా చూసిన పిల్లలు పెద్ద విగ్రహం కోసం వెతుక్కుంట దాన్ని దాటిపోతరు. రెండోది నాగార్జునకొండ సున్నపురాయి శిల్పాలు. మన సాగర్ డ్యాం కట్టేముందు, ఆ లోయ మునగకముందే, 1954 నుంచి 1960 దాకా తవ్వి తీసినవి. అక్కడ దొరికినవాటిల్ల ఎక్కువ సాగర్ నడుమ కొండమీది మ్యూజియంలో ఉన్నయి, కొన్ని ఢిల్లీకి చేరినయి. నల్లగొండ పిల్లలు ముందు సాగర్ లాంచీలో పోయి కొండమీదివి చూసి ఉంటే, ఢిల్లీలో ఆ రాయిని గుర్తుపడతరు. ఇది ప్రయాణానికి ముందు ఒక ఆదివారం పని. మూడోది పిల్లలనే ఎంచుకోనియ్యండి.

రాష్ట్రపతి భవన్‌కు ముందుగ ఆన్‌లైన్‌లో రోజు, సమయం పెట్టుకోవాలె, అసలు గుర్తింపు కార్డులు చూస్తరు. గాంధీ జయంతి, దసరా లాంటి ప్రభుత్వ సెలవు రోజు పడకుండ చూసుకోండి. మధ్యాహ్నం భోజనానికి ఇండియా గేట్ దగ్గర ఏపీ భవన్ క్యాంటీన్ ఉంది, పప్పు, పచ్చడి, పెరుగుతోటి అన్నం దొరుకుతది. మూడో రోజుకు పెద్దోళ్లకు రొట్టె మొహం మొత్తుతది గనుక ఇది చిన్న విషయం కాదు.

క్లాక్‌టవర్ సెంటర్:
ఆదివారం లెక్క నచ్చింది, దసరాకే పోతం. టికెట్లు ఆరుగురికి ఒక్కటే తీసుకుంటే సరిపోతదా?

మూసీ ఆయకట్టు:
వద్దు, అక్కడే తప్పు చేస్తరు. ఒక టికెట్ మీద ఆరుగురిని పెట్టొచ్చు కానీ, పెద్దోళ్లకు కింది బెర్తు కోటా దొరకాలంటే వాళ్లు ఒక్కరే లేక ఇద్దరే ఉన్న టికెట్ కావాలె. మగవాళ్లకు 60, ఆడవాళ్లకు 45 నిండితే ఆ కోటా వస్తది. అత్తమ్మ, మామయ్యకు ఒక టికెట్, మీ నలుగురికి ఇంకోటి, రెండూ ఒకేసారి రెండు ఫోన్లల్ల తీయండి. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తరు, ప్రయాణం రోజును లెక్కలోకి తీసుకోరు. పొద్దున 8కి. పండుగ వారం గనుక 8 దాటినంక చూస్తే వెయిటింగే. తత్కాల్‌ను నమ్ముకోవద్దు, దాంట్లో ఒక టికెట్‌కు నలుగురే.

పిల్లలమర్రి నీడ:
ఒక్క సవరణ. పోయేటప్పటి టికెట్ ఆగ్రా వరకే తీయండి, ఢిల్లీ దాకా తీసి ఆగ్రాలో దిగితే మిగతా దూరం పైసలు పోతయి. ఆగ్రా నుంచి ఢిల్లీకి సాయంత్రం బండికి వేరే టికెట్. తిరుగు టికెట్ శుక్రవారానిది గనుక, పోయే టికెట్ తెరిచిన ఐదు రోజులకు అది తెరుస్తరు. ఆ రోజు పొద్దున 8కి మళ్లీ కూసోవాలె. పెద్దోళ్ల ఉబ్బసం మందులు రెండు రోజులు ఎక్కువ పెట్టుకోండి, ముక్కుకు ఎన్95 మాస్కులు కూడా. దసరా అక్టోబర్ 20న వచ్చే ఏడాది అవి అక్కరకొస్తయన్న నా మాట అట్లనే ఉంది.