అప్‌డేట్: ఓవర్‌హాల్ తర్వాత మూడో సిలిండర్ వేడి, కారణం దొరికింది

మా చిన్న విమానం సెస్నా 172లో ఓవర్‌హాల్ అయిన (పూర్తిగా విప్పి బాగుచేసి బిగించిన) ఓ-320 ఇంజిన్ మూడో సిలిండర్ ఒక్కటే 430 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతోందని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. బ్యాఫిల్ (గాలిని సిలిండర్ల మీదకు మళ్లించే రేకులు) చూడమన్నవాళ్ల మాటే నిజమైంది. దాని అంచు రబ్బరు సీల్ ఒకచోట వెనక్కి మడతపడి ఉంది. పైనుంచి గాలి సిలిండర్‌ను చల్లబరిచే ఫిన్‌ల (పలుచని రెక్కల) మధ్యకు దిగకుండా ఆ సందులోంచి పోతోందని మెకానిక్ చూపించాడు. సీల్ సరిచేసి, చిన్న సందుల్ని సిలికోన్‌తో మూశాక క్లైంబ్‌లో (పైకెక్కేటప్పుడు) కూడా 390 దాటట్లేదు. స్పార్క్ ప్లగ్గులు, వేడి కొలిచే ప్రోబ్ అటూఇటూ మార్చి చూడటం మా విషయంలో దండగే అయింది. ఇన్‌టేక్ (గాలి, ఇంధనం సిలిండర్‌లోకి వెళ్లే దారి) లీకూ లేదు.

బ్రేక్-ఇన్ (ఓవర్‌హాల్ తర్వాత రింగులు సర్దుకునేదాకా నడపడం) అంతా డిస్పర్సెంట్ కలపని మినరల్ ఆయిల్‌తోనే, క్రూజ్‌లో (ఒకే ఎత్తులో ఎగిరేటప్పుడు) 65–75 శాతం పవర్ మీద. కొత్తది కదా అని మెల్లగా నడిపితే పిస్టన్ రింగులు సీట్ కావు (గోడలకు సరిగ్గా అతకవు), సిలిండర్ గోడలు గ్లేజ్ అవుతాయి (నున్నటి పొర పడుతుంది). ఆయిల్ ఖర్చు నిలకడకొచ్చింది, ఇక యాష్‌లెస్ డిస్పర్సెంట్ ఆయిల్‌కు (మురికి పేరుకోకుండా చూసే మందు కలిపిన మామూలు విమాన ఇంజిన్ ఆయిల్) మారుతున్నాం.