కొరియాలో ఆ రాత్రి మిలిటరీని ఆపింది చట్టమా, జనమా?

సోషల్ టీచర్, ఖమ్మం జిల్లా:

అందరికీ నమస్కారం. జడ్పీ హైస్కూల్లో సోషల్ చెప్తాను. మొన్న పదో తరగతిలో ఎమర్జెన్సీ గురించి చెబుతుంటే వెనక బెంచీ అమ్మాయి లేచి, "మేడం, కొరియాలో కూడా మిలిటరీ వచ్చిందట కదా, తెల్లారేసరికి వెళ్లిపోయిందట. మరి మన దగ్గర 21 నెలలు ఎందుకు పట్టింది?" అని అడిగింది. వీళ్లకు కొరియా పాటగాళ్ల పేర్లన్నీ నోటికొచ్చు, అందుకే ఈ వార్త కూడా గుర్తుపెట్టుకున్నారు.

2024 డిసెంబర్ 3 రాత్రి దక్షిణ కొరియా అధ్యక్షుడు యూన్ సుక్-యోల్ మార్షల్ లా, అంటే సైనిక పాలన, పెట్టారని, ఆరు గంటల్లో ఎత్తేశారని మాత్రం చెప్పి కూర్చోబెట్టాను. అది సమాధానం కాదని నాకే తెలుసు. ఇంతకీ ఆపింది రాజ్యాంగమా, రోడ్డెక్కిన జనమా? అప్పుడు అక్కడ ఉన్నవాళ్లెవరైనా ఉంటే వివరంగా చెప్పండి.

హాన్ నది ఒడ్డున, సియోల్:

మేడం, ఆ రాత్రి నేను దాంగ్సాన్‌లో నా గదిలోనే ఉన్నాను. అక్కడినుంచి పార్లమెంటుకు మెట్రోలో ఒక్క స్టేషన్.

రాత్రి పదిన్నర ప్రాంతంలో టీవీలో ప్రకటన వచ్చింది. పదకొండింటికి సైన్యం ఉత్తర్వు: పార్లమెంటుతో సహా రాజకీయ కార్యకలాపాలన్నీ బంద్, పత్రికలు, టీవీలు సైన్యం అదుపులో. ఒంగోల్లో అప్పుడు ఏడున్నర. అమ్మ ఫోన్ చేసి "బియ్యం, నీళ్లు తెచ్చిపెట్టుకో నాన్నా" అంది. ఏం చెప్పాలో తోచలేదు.

మా గది కింద చిన్న సూప్ హోటల్ ఉంది. నడిపే ఆవిడను ఇమో అని పిలుస్తాం, మన పిన్ని లాగే. కిందికి దిగేసరికి ఆవిడ పొయ్యి ఆర్పేసి, షట్టర్ సగం దించి, చేతులు వెచ్చబెట్టుకునే వేడి ప్యాకెట్లు ఒక సంచిలోకి సర్దుతోంది. 1987 జూన్‌లో ఆవిడ కాలేజీ విద్యార్థిని, బాష్పవాయువు దెబ్బకు వారం రోజులు కళ్లు మండాయని అంతకుముందే చెప్పింది. అధ్యక్షుణ్ని నేరుగా ఎన్నుకునే హక్కు ఆ జూన్ ఉద్యమంతోనే వచ్చింది, ఇప్పుడున్న రాజ్యాంగం ఆ ఏడాదిదే. నేనూ వస్తానంటే "నీకు వీసా ఉంది, నువ్వు ఇంట్లో ఉండు" అంది. ఇక్కడి ఇమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశీయులు రాజకీయాల్లో తలదూర్చకూడదు. ఆవిడ ఒక్కతే వెళ్లింది. డాబా మీద నిలబడ్డాను. అర్ధరాత్రికి కాస్త ముందు హెలికాప్టర్ల మోత వినపడింది. ఆ మోత తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో అదోలా ఉంటుంది.

ఇక మీ ప్రశ్న. వాళ్ల రాజ్యాంగంలో 77వ అధికరణం ఉంది. మొత్తం ఎంపీల్లో సగానికి మించి ఎత్తేయమని తీర్మానిస్తే అధ్యక్షుడు మార్షల్ లా ఎత్తేయాల్సిందే. ఉన్నది 300 మంది, అంటే 151 ఓట్లు కావాలి. కాగితం మీద ఇంతే. కానీ ఓటెయ్యాలంటే సభలోకి వెళ్లాలి కదా! గేట్ల దగ్గర పోలీసులు. 67 ఏళ్ల స్పీకర్ వూ వోన్-షిక్ గోడెక్కి లోపలికి దూకారు. ప్రతిపక్ష నాయకుడు లీ జే-మ్యుంగ్ తను గోడెక్కడం ఫోన్‌లో లైవ్ పెట్టి, అందరూ పార్లమెంటుకు రండి అని జనాన్ని పిలిచారు. లోపల ఎంపీల సిబ్బంది సోఫాలు, కుర్చీలు తలుపులకు అడ్డం పేర్చారు, సైనికుల మీదికి మంటలార్పే సిలిండర్లతో పొడి చిమ్మారు. బయట జనం సైనిక వాహనాలకు అడ్డం నిలబడ్డారు.

నన్ను బాగా కదిలించింది స్పీకర్ తీరు. సైనికులు కిటికీ అద్దాలు పగలగొట్టి భవనంలోకి వచ్చేశారు, ఎంపీలు "త్వరగా ఓటింగ్ పెట్టండి" అని అరుస్తున్నారు. ఆయన మాత్రం తీర్మానం పద్ధతి ప్రకారం సభ ముందుకు వచ్చేదాకా ఆగారు. రేపు ఎవరూ ఇది చెల్లదనకూడదని. ఒంటి గంటకు ఓటింగ్: హాజరైనవాళ్లు 190, అనుకూలం 190. అందులో 18 మంది అధ్యక్షుడి సొంత పార్టీవాళ్లు. నాలుగున్నరకు యూన్ ఎత్తివేత ప్రకటించారు.

ఐదు దాటాక ఇమో వచ్చింది. సంచి ఖాళీ. చేతులు కడుక్కుని, పొయ్యి వెలిగించి, ఎప్పటిలాగే ఎముకల సూప్ ఎక్కించింది. నేను ఉల్లికాడలు తరిగిపెట్టాను. ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు.

చట్టమా జనమా అన్నదానికి వాళ్ల రాజ్యాంగ న్యాయస్థానమే జవాబిచ్చింది మేడం. 2025 ఏప్రిల్ 4న 8-0తో యూన్‌ను పదవి నుంచి తొలగిస్తూ, పార్లమెంటు అంత త్వరగా తీర్మానం చేయగలిగింది పౌరులు ఎదురు నిలవడం వల్ల, సైనికులు, పోలీసులు మనసుపెట్టి ఆదేశాలు అమలు చేయకపోవడం వల్ల అని తీర్పులోనే రాసింది. ఆ రెండో మాట పిల్లలకు తప్పకుండా చెప్పండి. తిరిగి వెళ్తూ ఒక సైనికుడు జనానికి తల వంచి మొక్కుతున్న వీడియో ఉంది.

కోర్టు మెట్లు, గుంటూరు:

ఆ అమ్మాయి ప్రశ్నలో రెండో సగానికి నేను చెప్తాను. 1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ కాగితం మీద రాష్ట్రపతి సంతకం పడింది, కేబినెట్‌కు తెలిసింది మర్నాడు పొద్దున. తెల్లారేలోగా ప్రతిపక్ష నాయకుల్ని పట్టుకుపోయారు. ఢిల్లీలో పత్రికలకు కరెంటు తీసేశారు. పార్లమెంటు కూడేనాటికి ఎదురు ఓటెయ్యాల్సినవాళ్లలో చాలామంది జైల్లో ఉన్నారు. గోడ దూకేవాళ్లు ఏరమ్మా?

ఆ అనుభవంతోనే 1978లో 44వ సవరణ చేశారు. ఇప్పుడు కేబినెట్ రాతపూర్వకంగా చెప్పనిదే రాష్ట్రపతి ఎమర్జెన్సీ ప్రకటించకూడదు. 'అంతర్గత కల్లోలం' అన్న మాట తీసేసి 'సాయుధ తిరుగుబాటు' అని పెట్టారు. లోక్‌సభలో పదో వంతు సభ్యులు నోటీసిస్తే 14 రోజుల్లో ప్రత్యేక సమావేశం పెట్టాలి, మామూలు మెజారిటీతో రద్దు చేయొచ్చు. 352వ అధికరణం తీసి పిల్లల చేత పైకి చదివించండి.

ఇంకో మాట, మనకు కష్టంగా ఉన్నా చెప్పాలి. 1977లో ఉత్తరాది అంతా కాంగ్రెస్‌ను ఓడించింది. మన ఆంధ్రప్రదేశ్‌లో 42 సీట్లకు 41 కాంగ్రెస్‌కే ఇచ్చాం. మిగిలిన ఒక్కటి నంద్యాల, నీలం సంజీవరెడ్డి గారిది. ఎందుకని పిల్లల్ని ఇంట్లో తాతయ్యలను అడిగి రమ్మనండి.

మళ్ళీ చూద్దాం, హైదరాబాద్:

సియోల్ అన్నా, చాలా బాగా రాశారు. కానీ ఒక్క రాత్రితో కథ అయిపోయిందని పిల్లలు అనుకుంటే ప్రమాదం. డిసెంబర్ 7న యూన్‌ను పదవి నుంచి దించే అభిశంసన తీర్మానం వీగిపోయింది, 200 ఓట్లు కావాలంటే హాజరే 195. అధికార పార్టీ దాదాపు అంతా లేచి వెళ్లిపోయింది. ఆ పార్టీ ఎంపీ, కంటిచూపు లేని కిమ్ యే-జీ, తిరిగొచ్చి మరీ ఓటేశారు. వారం తర్వాత 204 ఓట్లతో నెగ్గింది. జనవరి 19న యూన్ అభిమానులు సియోల్‌లో కోర్టు భవనంలోకి చొరబడి విధ్వంసం చేశారు. వాళ్లూ ఆ దేశ పౌరులే. యూన్‌ను తొలగించాక జూన్ 3న జరిగిన అధ్యక్ష ఎన్నికలో 79.4 శాతం పోలింగ్ అయింది. ఆ ఆరు గంటల కన్నా ఈ ఆరు నెలలే నాకు ఎక్కువ ముఖ్యం అనిపిస్తాయి.

సోషల్ టీచర్, ఖమ్మం జిల్లా:

అందరికీ చాలా థ్యాంక్స్. సియోల్ తమ్ముడూ, మీ ఇమో గారికి మా పిల్లల తరఫున నమస్కారం చెప్పండి.

మా క్లాసులో 38 మంది. సోమవారం అందరినీ బయటికి పంపి, తలుపు దగ్గర ఇద్దరు లీడర్లను అడ్డం నిలబెడతాను. బెల్లు కొట్టేలోగా 20 మంది లోపలికొచ్చి చేతులెత్తాలి. తలుపు దగ్గర నిలబడేవాళ్లకు ఎవరినెంత గట్టిగా ఆపాలో మాత్రం చెప్పను. ఏమైందో సాయంత్రం ఇక్కడే రాస్తాను.