'పెంపుడు తల్లిదండ్రులు' అంటే దత్తతేనా? ఫోస్టర్ కేర్‌కు సరైన తెలుగు మాట

ప్రశ్న: జిల్లా కరపత్రం రాస్తున్నాం. ఫోస్టర్ పేరెంట్స్‌కి 'పెంపుడు తల్లిదండ్రులు' అని పెట్టాం. చదివినవాళ్లంతా దత్తత గురించే అడుగుతున్నారు. ఇంకేం మాట వాడొచ్చు?

జవాబు: అడగరా మరి! మనకు పెంపుడు కొడుకంటే దత్తు వచ్చినవాడే. తెలంగాణలో 'సాదుకున్నరు' అన్నా అంతే. వెంటనే ఇంటిపేరు మారుతుందా, ఆస్తిలో వాటా ఉంటుందా అంటారు. ఫోస్టర్ కేర్‌లో ఆ రెండూ లేవు. 2015 బాలల న్యాయ చట్టం 44వ సెక్షన్ కింద, బాలల సంక్షేమ సమితి ఆదేశంతో బిడ్డ వేరే ఇంట్లో ఉంటుంది. సమితి నెలనెలా తనిఖీ చేస్తుంది. సమితి ఒప్పుకుంటే కన్నవాళ్లు వచ్చి చూడొచ్చు. ఇక వాళ్లు సాకగలరని తేలితే బిడ్డ సొంతింటికి వెళ్లిపోవచ్చు. ఈ తిరిగి వెళ్లడమనేది 'పెంపుడు'లో వినపడదు. 'సంరక్షకులు' అందామంటే అది గార్డియన్‌కు స్థిరపడిపోయింది. మొదటిసారి 'ఫోస్టర్ కేర్' అని రాసి పక్కనే 'తాత్కాలిక పెంపకం' అనండి. క్రియ కూడా చూసుకోవాలి. దత్తతకు ఇస్తారు, ఫోస్టర్ కేర్‌లో ఉంచుతారు. 'ఇచ్చారు' అంటే కన్నవాళ్లతో బంధం తెగిపోయినట్టే.

ప్రశ్న: కానీ తర్వాత దత్తత తీసుకునే వీలుంది కదండీ?

జవాబు: ఉంది. అందుకు బిడ్డ ముందు ఆ ఇంట్లో ఫోస్టర్ కేర్‌లో ఉండాల్సిన గడువును 2024 నమూనా మార్గదర్శకాలు ఐదేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గించాయి. అయితే బిడ్డ దత్తతకు అర్హురాలని చట్టప్రకారం తేలాలి. కరపత్రంలో దాన్ని వేరే పేరాలో పెట్టండి, కలిపేస్తే మళ్లీ అదే గందరగోళం.

మరొకరు: 'అనాథ' మాట కూడా తీసేయండి. ఈ పిల్లల్లో తల్లో తండ్రో బతికున్నవాళ్లు ఎందరో. 'వదిలేసిన', 'అప్పగించిన' ఒకటి కావు. తల్లిదండ్రులు సమితి ముందుకొచ్చి సంతకం చేస్తే అది అప్పగింత, మనసు మార్చుకోవడానికి వాళ్లకు రెండు నెలలుంటాయి. పత్రికలు రెంటికీ 'వదిలేసిన తల్లి' అనే రాస్తాయి, అది అన్యాయం. 'అసలు తల్లి' వద్దు, 'కన్నతల్లి' చాలు. 'అసలు' అనగానే రెండో ఆమె నకిలీ అయిపోతుంది. 'ఫోస్టర్ పిల్లాడు' అంటే అదే వాడి పేరైపోతుంది. 'ఫోస్టర్ కేర్‌లో ఉన్న పిల్లాడు' అనండి. 'చేరదీశారు' అంటే దయ చూపినట్టు, పిల్లలు జీవితాంతం రుణపడినట్టు ఉంటుంది.

కరపత్రంలో ఫొటో, పేరు, బడి, ఊరు ఏవీ పెట్టకండి. పెడితే అదే చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ముఖం మసకచేసి ఊరి పేరు వేసినా గుర్తుపట్టేస్తారు.

ప్రశ్న: అయితే ఇలా మారుస్తున్నాం: "సమితి ఆదేశంతో కొంతకాలం మీ ఇంట్లో ఉండే బిడ్డకు తిండి, చదువు, వైద్యం చూసుకోవడమే ఫోస్టర్ కేర్ (తాత్కాలిక పెంపకం). ఇది దత్తత కాదు."

జవాబు: బాగుంది. చివరి వాక్యాన్ని మొదటికి తెచ్చి, అక్షరాలు పెద్దవి చేయండి.